అరటిపండు లేని ఆట

వీధిలో ఆడుకుని పెరిగిన వాళ్లందరికీ 'ఆటలో అరటిపండు' ఎవరో తెలుసు. మరీ చిన్నపిల్లాడు ఒకడు ఏడుస్తూ వచ్చి నేనూ ఆడతానంటాడు. వెనకనుంచి వాళ్లమ్మ "వాణ్ణి కూడా చేర్చుకోండ్రా" అంటుంది. కాదనలేక చేర్చుకుంటాం. వాడూ పరిగెడతాడు, దాక్కుంటాడు, అందరికంటే గట్టిగా అరుస్తాడు. కానీ దొరికినా వాడు దొంగ కాడు, గెలిచినా వాడి గెలుపు లెక్కలోకి రాదు. అలాగని వాణ్ణి ఎవరూ వెళ్లిపొమ్మనరు కూడా. ఆటలో ఉంటూనే ఆటలో లేనివాడు వాడు.

ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నేను ఆడిన ఆటలో అరటిపండుకి చోటు లేదు. అందుకే దాన్ని అంత పట్టుకున్నానని ఇప్పుడనిపిస్తుంది. ఆ ఆట పేరు డోటా 2.

తెలియని వాళ్లకోసం క్లుప్తంగా చెప్తాను. అయిదుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు. నూటికి పైగా ఉన్న హీరోల్లోంచి తలా ఒకర్ని ఎంచుకుంటారు. మ్యాప్ మీద మూడు దారులు, మధ్యలో అడవి. అవతలివాళ్ల కోట పడగొడితే గెలుపు. ఒక్కో మ్యాచ్ మామూలుగా ముప్పావుగంట పడుతుంది, ఒక్కోసారి గంట దాటుతుంది. అయిదుగురికీ అయిదు పనులు. ఒకరు డబ్బు కూడబెట్టి చివర్లో గెలిపించాలి, వాళ్లని క్యారీ అంటారు. ఒకరు నడిమి దారి కాయాలి, అది మిడ్. నేను అయిదో నంబర్, అంటే సపోర్ట్. నా పని వార్డులు కొని చీకటి ఉన్నచోట పాతడం. ఒక్కో వార్డు ఆరు నిమిషాలు చూపునిస్తుంది, తర్వాత ఆరిపోతుంది. మిగతా నలుగురూ బతకడం కోసం అవసరమైతే ముందు నేను చావాలి. నాకిష్టమైన హీరో క్రిస్టల్ మెయిడెన్. ఆటలో అతి నెమ్మదిగా నడిచేవాళ్లలో ఒకతె, చేతిలో ఎప్పుడూ డబ్బుండదు, కానీ ఆమె ఉంటే జట్టులో అందరికీ శక్తి ఊరుతూ ఉంటుంది. మా నాయనమ్మకి ఓసారి ఇదంతా వివరిస్తే "అంటే ఇంట్ల కోడలన్నట్టు" అంది. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

నేను కాలేజీలో చేరింది 2016లో. ఇల్లు కూకట్‌పల్లిలో, కాలేజీ ఊరి బయట. రెండో ఏడాదికి మా కాలేజీలోనే అయిదుగురం జట్టయ్యాం. ముగ్గురు హాస్టల్లో ఉండేవాళ్లు, ఇద్దరం ఇళ్లనుంచి. నన్ను కెప్టెన్ని చేశారు. బాగా ఆడతానని కాదు, ఓడిపోయాక కూడా మామూలుగా మాట్లాడగలనని. తెలియనివాళ్లతో ఆడే మ్యాచుల్లో నేను మైకు వాడేదాన్ని కాదు, అన్నీ టైప్ చేసేదాన్ని. ఆడపిల్ల గొంతు వినపడిందంటే ఆట ఆగి ఇంకేదో మొదలవుతుందని రెండు మూడుసార్లకే అర్థమైంది. మా జట్టులో మాత్రం గొంతు నాదే. "వెనక్కి రా, వెనక్కి రా, చస్తవ్ రా!" అని రాత్రి పదకొండింటికి నా గదిలోంచి వినపడితే నాయనమ్మ మంచంమీంచి లేచి "ఎవలతోటే గొడవ?" అనేది.

చదువునీ ఆటనీ ఎలా బ్యాలెన్స్ చేసుకోవాలి అనగానే అందరూ గంటల లెక్కకి దిగుతారు. నేనూ వేశాను ఆ లెక్క. వారానికి 168 గంటలు. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సెక్కి సాయంత్రం అయిదున్నరకి ఇల్లు చేరితే, ఆరు రోజులకి 63 గంటలు. రాత్రికి ఆరున్నర గంటల నిద్ర చొప్పున 45న్నర. ఇంకా 59న్నర మిగిలాయి. జట్టు ప్రాక్టీస్ వారానికి నాలుగు రాత్రులు, రాత్రికి మూడు గంటలు. ఆదివారం మ్యాచులుంటే ఇంకో ఆరు. మొత్తం 18. ఇవి తీసేసినా 41 గంటల పైచిలుకు చేతిలో ఉంటుంది. స్నానానికి, తిండికి, రికార్డులు రాయడానికి, స్నేహితులకి, సినిమాకి, ఊరికే గోడ చూస్తూ కూర్చోడానికి కూడా సరిపోతుంది. కాగితం మీద నా అంత ఖాళీగా ఉన్న మనిషి ఇంకొకరుండరు.

చిక్కు గంటల్లో లేదని నాకు తెలియడానికి చాలా కాలం పట్టలేదు. ఈ ఆటని మధ్యలో ఆపలేం. పాజ్ ఉంది గానీ, అది పదిమందికి సంబంధించింది. అవతలివాళ్లు విసుగొచ్చి పాజ్ తీసేస్తే అంతే. అయిదు నిమిషాలు కనెక్షన్ తెగిపోతే మ్యాచ్ వదిలేసినట్టు లెక్క. అలా రెండు మూడుసార్లయితే శిక్షగా వేరే క్యూలో పడేస్తారు, అక్కడ ఇలాంటి వాళ్లతోనే ఆడి గెలిస్తే తప్ప బయటికి రానివ్వరు. నువ్వు లేచి వెళితే మిగతా నలుగురు అయిదుగురితో పోరాడాలి. ఓడిపోతారు.

ఇంకోపక్క మన ఇళ్లల్లో సమయం ఎలా ఉంటుందో ఆలోచించండి. అది పూర్తిగా అంతరాయాలతో అల్లిన సమయం. "ఒక్క నిమిషం ఇటు రా." "ఆ గ్యాస్ బంద్ చెయ్యి." "అత్తమ్మ ఫోన్ల ఉన్నది, మాట్లాడు." "ఎవరో వచ్చిండ్రు, నీళ్లియ్యి." ఎవరి సమయమూ పూర్తిగా వాళ్లది కాదు, ఆడవాళ్లదైతే అసలే కాదు. మా అమ్మ నలభై ఆరేళ్లొచ్చేదాకా ఒక సినిమాని మొదట్నుంచి చివరిదాకా లేవకుండా చూసి ఎరగదు. అలాంటి ఇంట్లో నేను ముప్పావుగంట ఎవరు పిలిచినా రానంటున్నాను. అమ్మని బాధపెట్టింది నేను ఆడటం కాదు. పిలిస్తే రాకపోవడం.

అలా తలుపేసుకునే హక్కు ఒక్క మాటకే ఉంది మన ఇళ్లల్లో: "చదువుకుంటున్నా." ఆ మాట అంటే చుట్టాలు గొంతు తగ్గిస్తారు, టీవీ సౌండు తగ్గుతుంది, పాలు గదిలోకే వస్తాయి. "ఆడుతున్నా" అన్న మాటకి ఆ బలం లేదు. నా స్నేహితుల్లో చాలామంది అందుకే అబద్ధమాడేవాళ్లు. నాకు అది కుదరలేదు, నా గొంతు హాల్లోకి వినపడుతుంది కాబట్టి. ఇక దారిలేక ఒక క్యాలెండర్ కాగితం వెనక సోమ, మంగళ, గురు, శుక్ర అని రాసి, పక్కన తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. కింద, "మిగతా టైమ్‌లో ఏ పని చెప్పినా చేస్తాను" అని. నాన్న చదివి నవ్వాడు. "మీ పంచపాండవులు ఆటకి కూసుంటే ఏమైతదో భారతం చదివినోళ్లకి తెల్వదా?" అన్నాడు. అయినా కాగితం చింపలేదు. నెల తిరిగేసరికి తొమ్మిదింబావుకి అమ్మే కేకేసేది, "అన్నం తినిపో, మళ్లా నీ ఆట మొదలైతది" అని. నాలుగేళ్లలో నేను గెలిచిన మ్యాచులన్నిట్లోకీ నాకు అదే పెద్ద గెలుపు.

చదువు సంగతి వేరే. దాన్ని బస్సులో చదివాను. పోనూ రానూ రోజుకి దాదాపు మూడు గంటల బస్సు. పొద్దున అందరూ కిటికీకి తలానించి నిద్రపోయే వేళ నేను ముందు రోజు క్లాసు నోట్సు చూసుకునేదాన్ని. సాయంత్రం ల్యాబ్ రికార్డులు, గతుకుల్లో నా అక్షరాలు వంకరపోయేవి. జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం, మిడ్ పరీక్షలకి వారం ముందు ప్రాక్టీస్ ఉండదు. మా గ్రూపులో ఎప్పుడూ ఒకటే గందరగోళం: "మిడ్ పోయింది" అని మెసేజ్ వస్తే పరీక్షా, ఆటలో నడిమి దారా అని అడగాల్సి వచ్చేది. మార్కులు గొప్పగా రాలేదు, చెడ్డగానూ రాలేదు. ఆడకపోతే ఇంకా బాగా వచ్చేవా? మా వాళ్లంతా అడిగే ప్రశ్నే. ఆడని నా బెంచ్‌మేట్‌కీ నాకూ తేడా అర పాయింట్. ఆ అర పాయింట్ ఆటదో, ఆమె చేతిరాతదో చెప్పలేను.

ఇంతవరకూ చెప్పింది వింటే అంతా టైమ్‌టేబుల్‌తో తీరిపోయే విషయమనిపిస్తుంది. కాదని నాకు మా మిడ్ వల్ల తెలిసింది. అంటే మనిషి, పరీక్ష కాదు.

కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. మా అయిదుగురిలో నిజంగా ఆట వచ్చినవాడు అతనొక్కడే. అవతలివాడు ఇంకో మూడు సెకన్లలో ఏం చేస్తాడో ముందే చెప్పేవాడు. జట్టు ప్రాక్టీస్ పన్నెండున్నరకి అయిపోతే మేం నలుగురం పడుకునేవాళ్లం. అతను తెల్లారేదాకా ఒంటరిగా ర్యాంక్ మ్యాచులు ఆడేవాడు. జేఎన్టీయూ లెక్క అందరికీ తెలిసిందే. 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్. మూడో ఏడాది మొదటి సెమిస్టర్, 2018 అక్టోబర్లో నోటీసు బోర్డు మీద లిస్టు పెట్టారు. అతనికి 58.

ఆ రాత్రి నాకు తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లమ్మ. "నువ్వే గదా బిడ్డా కెప్టెన్?" అంది. ఆ మాట ఆమె నోట్లో ఎంత కొత్తగా ఉందో. తిట్టలేదు. నెమ్మదిగా అడిగింది, "మీరందరు ఆట బంద్ చేస్తే వాడు గూడ బంద్ చేస్తడు గదా?"

నేనేం చెప్పగలను? మాట్లాడతానని చెప్పి పెట్టేశాను. అతనికి ఫోన్ చేసి, హాజరు సంగతి తేలేదాకా జట్టు ప్రాక్టీస్‌కి రావద్దన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "క్లాసుల నేనున్నా లేకున్నా ఒక్కటే. మూడేండ్లల్ల ఒక్క సారుకు నా పేరు తెల్వది. ఈడ నేను లేకుంటే మీరు నలుగురు ఖాళీగ కూసుంటరు. నన్ను ఎక్కడి నుంచి తీసేస్తున్నవో నీకు ఎరికేనా?"

తరగతిలో అరవైనాలుగు మంది. వెనక బెంచీ. ఇంటర్లో కార్పొరేట్ కాలేజీ సెక్షన్లు దాటుకుని వచ్చినవాడు, అక్కడా ర్యాంకుల చివర ఉన్నవాడు. ఎక్కడికెళ్లినా గదిలో ఉంటాడు, ఎవరి లెక్కలోనూ ఉండడు. ఫీజు కట్టిన అరటిపండు. రాత్రి పదింటికి హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ఒక్కసారిగా నలుగురు అతని మాటకోసం ఎదురుచూస్తారు. పొద్దున ఎనిమిదిన్నర క్లాసుకి లేవమంటే ఎందుకు లేస్తాడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. 2019లో సభ్యదేశాలు ఆమోదించాయి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. అందులో గంటల లెక్క లేదు. చూసేది మూడే: ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం. అదీ మామూలుగా ఏడాదిపాటు కొనసాగితే. నాకు ఇది న్యాయంగానే అనిపించింది. వారానికి నలభై గంటలాడి బాగానే ఉన్నవాళ్లుండొచ్చు, పదిగంటలకే చితికిపోయేవాళ్లుండొచ్చు. అయితే జాబితా ఏం జరుగుతోందో చెప్తుంది. ఆ మిగతా జీవితంలో వెనక్కి రావడానికి అతనికి ఏముందో అడగదు. అది జాబితా పని కాదు కూడా. చుట్టూ ఉన్నవాళ్ల పని.

అతను డిటెయిన్ అయ్యి కరీంనగర్ వెళ్లిపోయాడు. నేను వాళ్లమ్మకి ఫోన్ చేశాను. ఆట పూర్తిగా మానిపించలేను గానీ, మంగళవారం, శుక్రవారం తొమ్మిదిన్నరకి మాతో కూర్చుంటాడు, పన్నెండుకి లేస్తాడు, ఒంటరిగా ఆడొద్దని అతన్ని ఒప్పించాను, అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "మంగళారం, శుక్కురారం. మిగతా దినాలు కూసుంటే నీకు ఫోన్ చేస్త" అంది. చేసింది కూడా, మూడుసార్లు. ప్రతిసారీ నేను అతనికి ఫోన్ చేసి ఏం మాట్లాడకుండా కూర్చునేదాన్ని, అతనే నవ్వి ఆఫ్ చేసేవాడు. ఒక ఏడాది పోయింది. డిగ్రీ మాత్రం వచ్చింది. ఆట అతన్ని ముంచిందా, తేల్చిందా అని ఇప్పటికీ మా నలుగురిలో ఏకాభిప్రాయం లేదు.

మరి అంత బాగా ఆడేవాడు ఆటనే వృత్తిగా ఎందుకు తీసుకోలేదని అడగొచ్చు. 2011లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన మొదటి ఇంటర్నేషనల్ టోర్నమెంటులో గెలిచిన జట్టుకి పది లక్షల డాలర్లిచ్చారు. ఆ టోర్నమెంటు మీద 2014లో 'ఫ్రీ టు ప్లే' అనే డాక్యుమెంటరీ వచ్చింది. ముగ్గురు ఆటగాళ్ల కథ. వాళ్లలో సింగపూర్ కుర్రాడి ఇంట్లో చదువు గురించి జరిగే సంభాషణలు తెలుగులోకి డబ్బింగ్ చేయక్కర్లేదు, మన ఇళ్లవే. 2018కి మొత్తం బహుమతి రెండున్నర కోట్ల డాలర్లు దాటింది. కానీ ఆ డబ్బంతా శిఖరం మీద ఉంటుంది, కింద మెట్లుండవు. పొద్దున నాలుగింటికి పిల్లని బ్యాడ్మింటన్ అకాడమీకి తీసుకెళ్లే నాన్నలు మన ఊళ్లో ఉన్నారు, ఎందుకంటే ఛాంపియన్ కాకపోయినా జిల్లా, రాష్ట్రం, స్పోర్ట్స్ కోటా, రైల్వే ఉద్యోగం అనే మెట్లున్నాయి. మా మిడ్‌కి హాస్టల్ గదికీ వాంకూవర్ స్టేడియానికీ మధ్య ఏమీ లేదు. మాకున్నవల్లా కాలేజీల మధ్య జరిగే పోటీలు.

అలాంటి ఒక పోటీ మాకు 2019 మాఘమాసంలో పడింది. ఆదివారం పదకొండింటికి మొదటి మ్యాచ్. శనివారం రాత్రి, అంటే తెల్లవారితే ఆదివారం అనగా రెండు గంటల నలభై ఏడు నిమిషాలకి సూర్యాపేటలో మా బాబాయి కూతురి పెళ్లి. పెళ్లికి వెళ్లనని నేననలేదు, వెళ్లమని ఎవరూ చెప్పలేదు. అక్క జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడు వెనక నిలబడ్డాను. అందరి ఫొటోల్లోనూ ఉన్నాను. నాలుగున్నరకి బయల్దేరుతుంటే పెద్దమ్మ ఆపింది, "అప్పగింతలు గూడ కాలె, ఏడికి?" అని. నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నాడు. "కంప్యూటర్ల పోటీ ఉన్నది వదినా, కాలేజీ తరఫున. టీముకు కెప్టెన్ ఇది." అందులో అబద్ధమేమీ లేదు. అయిదో నంబర్ అని నాన్నకి తెలుసు. అయినా కెప్టెన్ అన్న మాట కొంచెం నొక్కి పలికాడు.

అయిదింటి బస్సులో ఎల్బీనగర్. అక్కణ్నుంచి మెట్రో. పట్టుచీరతో, కాళ్లకి పారాణితో, ఆదివారం పొద్దున ఖాళీ బోగీలో కేపీహెచ్‌బీ దాకా నిద్రపోయాను. గోరింటాకు పెట్టుకున్న వేళ్లతో మౌసు పట్టుకున్నాను. మొదటి మ్యాచ్ గెలిచాం. రెండో రౌండ్లో గట్టి జట్టు తగిలి ఓడిపోయాం. మా మిడ్ ఆరోజు ఆడలేదు, కాలేజీ సర్టిఫికెట్ కావాలన్నారు. జూనియర్ని ఆడించాం. అతను కరీంనగర్ నుంచి డిస్కార్డ్‌లో చేరి, మైకు మూసుకుని, రెండు మ్యాచులూ చూశాడు. అయిపోయాక ఒక్కటే టైప్ చేశాడు: "పద్దెనిమిదో నిమిషంల వార్డు మంచిగ పెట్టినవ్." నేను వార్డు ఎక్కడ పెట్టానో గమనించినవాడు ఆరోజు లోకంలో అతనొక్కడే. ఆ సాయంత్రం అప్పగింతల వీడియో చూస్తూ ఏడ్చాను. అదీ నేను పోగొట్టుకున్నదే. రెండూ దొరికే ఆదివారం అది కాదు.

2020లో కాలేజీ అయిపోయింది. జట్టూ అయిపోయింది. ఎవరి ఉద్యోగం వాళ్లది. ఎప్పుడో ఒక శనివారం రాత్రి నలుగురం కుదిరితే ఆడతాం, అయిదోవాడి చోట ఎవరో తెలియనివాళ్లుంటారు. నా చేతివేగం తగ్గింది. ఆఫీసులో మీటింగుల్లో కూర్చున్నప్పుడు, అందరూ మాట్లాడుతున్నా ఎవరి మాటా లెక్కలోకి రాని మీటింగుల్లో, ఆ రాత్రులు గుర్తొస్తాయి.

పోయిన నెల పిన్ని ఫోన్ చేసింది. పెళ్లయిన అక్క తమ్ముడు, వాడిప్పుడు ఇంటర్ రెండో ఏడాది. ఫోన్లో బీజీఎంఐ ఆడుతున్నాడట, పిలిస్తే పలకడట. "నువ్వు గూడ ఆడినవ్ గదనే, నీ మాటయితే ఇంటడు, జర చెప్పు" అంది. వాడికి ఇచ్చింది. ఎక్కువ ఆడకూడదని చెప్తానని ఎదురుచూస్తున్నట్టున్నాడు, ఊఁ కూడా అనడంలేదు. నేను అడిగాను, "జట్టులో నీ పని ఏంది?" అని. కాసేపు ఆగి, "స్కౌట్ అక్కా. ముందు పోయి చూసొస్త" అన్నాడు. ఎవరెవరు ఆడతారు, ఎప్పుడెప్పుడు ఆడతారు, కాలేజీలో ఎవరితో కూర్చుంటాడు, మధ్యాహ్నం ఎవరితో తింటాడు అని అడిగాను. మొదటి రెండిటికీ గబగబా చెప్పాడు. చివరి రెండిటికీ చెప్పలేదు.

ఈ ఆదివారం వస్తానన్నాను. పిన్నికి మాత్రం ఒకటే చెప్పాను, అన్నానికి పిలిచేముందు మ్యాచ్ ఎంతసేపట్లో అయిపోతుందో వాణ్ణి అడగమని.

"అడిగితే చెప్తడంటవా?" అంది.

"అడుగు పిన్నీ, చూద్దాం."